శ్రీశైలం నడకకు మాల లేకుండా మనసు సిద్ధమవుతుందా?

కొత్తనడక_కర్నూలు: ఈ శివరాత్రికి మొదటిసారి నడుస్తున్నా. ఆత్మకూరు, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం... దారి తెలుసుకున్నా. కాళ్ల గురించి భయం లేదు, అడవి మధ్యలో మనసు వెనక్కి లాగితే ఎలా అన్నదే టెన్షన్. శివమాల వేసుకోలేదు. ఏం చేయమంటారు?

మల్లన్నబంటు: మాల వెయ్యి సామీ. 41 రోజులు చన్నీటి స్నానం, ఒంటిపూట భోజనం, నేల పడక. జ్యోతిర్ముడి, అదే దీక్ష మూట, నెత్తిన పెట్టుకున్నాక మనసు పక్కకు పోదు. మాల లేకుండా బయల్దేరిన ఏడు నాగలూటి నుంచే వెనక్కి వచ్చేసినా.

ఆదోని_అక్క: ఉగాదికి కన్నడ భక్తులు మా ఊరి మీదుగానే పోతారు. ఏటా మజ్జిగ పోస్తాను. మాల లేనివాళ్లే ఎక్కువ. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచు అంటారు, పుట్టినింటి పసుపు కుంకుమ తీసుకుపోతారు. కూతుర్ని చూడబోయేవాళ్లకు 41 రోజుల లెక్కెందుకు?

మల్లన్నబంటు: వాళ్లలో చెప్పులేసుకుని నడిచేవాళ్లూ ఉన్నారు. అది నడకేనా?

ఆదోని_అక్క: పోయిన ఏడు ఒక పెద్దామెకు మడమ పొక్కు పగిలి, చెప్పు పట్టీకి చర్మం అతుక్కుంది. నీళ్లతో తడిపి నేనే విడదీసినా. మళ్లీ అదే చెప్పు వేసుకుని లేచింది. ఆమెది నడక కాదంటారా?

నంద్యాల_శివ: చెప్పుల సంగతి తర్వాత. అది పులులుండే అడవి తమ్ముడూ, గుంపు వదలొద్దు.

మల్లన్నబంటు: అక్కా, మీరు ఒక్కసారైనా నడిచినారా? గడపలో నిలబడి చెప్పడం సులువు.

ఆదోని_అక్క: నడవలేదు. మా ఆయన తొమ్మిదేళ్లుగా మాల వేస్తున్నాడు. ఆ 41 రోజులూ నాలుగింటికే లేచి, తలస్నానం చేసి, ఆయనకు వేరే పొయ్యి మీద వండేది నేను. నేనూ వస్తానంటే, మాల లేకుండా రాకూడదన్నాడు. మాల వేస్తానంటే, వంటెవరు చేస్తారన్నాడు. మీ నియమం నన్ను గడపలోనే నిలబెట్టింది.

కొత్తనడక_కర్నూలు: అక్కా, నేనడిగింది వేరే, కానీ ఇది చదివి మా అమ్మ గుర్తొచ్చింది.

మల్లన్నబంటు: మా ఇంట్లోనూ మా ఆవిడే వండుతుంది. వస్తావా అని నేనెప్పుడూ అడగలేదు. కానీ నా సంగతీ వినండి. నేను తాగేవాణ్ని. మాలలో ఉన్నన్నాళ్లూ సీసా ముట్టలేదు. తర్వాత కూడా మానేసినా, ఆరేళ్లయింది. మాల అక్కర్లేదని ఎవరైనా అంటే, నా కాళ్ల కింద నేల లాగేసినట్టుంటుంది. అందుకే నోరు జారింది, తప్పే.

ఆదోని_అక్క: అన్నా, అది మీకు ఊతకర్ర, వదలొద్దు. కొత్త తమ్ముడికి అదే కర్ర కావాలని మాత్రం అనొద్దు. తమ్ముడూ, రోజూ తెల్లవారుజామున గంటసేపు ఫోన్ ఇంట్లో పెట్టి ఒంటరిగా నడువు. మనసు ఏ ఇంటి గొడవ దగ్గరికి పరిగెత్తుతుందో తెలుస్తుంది. శ్రీశైలం నడక మొదలయ్యేలోపల ఆ గొడవ తీర్చుకునిపో.

కొత్తనడక_కర్నూలు: మా నాన్నతో మాటల్లేక రెండేళ్లయింది. రేపు పోయి మాట్లాడతా.

ఆదోని_అక్క: మంచిది. ఈ ఉగాదికి నేనూ ఎమ్మిగనూరు దాకా వాళ్లతో నడుస్తున్నా. పొద్దునే మా ఆయనకు చెప్పినా. ఆ పూట వంట ఆయనదే.