గన్నవరం నుంచి శంషాబాద్: విమానంలో నిజంగా గంటేనా?

పటమటవాసి: అమ్మకు 71 ఏళ్లు, మోకాలి ఆపరేషన్ అయి నాలుగు నెలలైంది. విజయవాడ నుంచి మియాపూర్‌లోని మా ఇంటికి తీసుకురావాలి. టికెట్ మీద ప్రయాణం గంట అని ఉంది. కారులో ఐదారు గంటలు. ఏది మేలు?

లెక్కలమాస్టారు: సందేహం లేకుండా విమానం. రెండు విమానాశ్రయాల మధ్య తిన్నగా కొలిస్తే దాదాపు 265 కిలోమీటర్లే. ఈ దారిలో తిరిగే ఏటీఆర్ (పంకాలతో నడిచే చిన్న విమానం) గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. గాల్లో ఉండేది అరగంట పైచిలుకు.

హైవే65: మరి టికెట్ మీద గంట ఎందుకు రాశారు? మీ లెక్కయినా తప్పు, టికెట్టయినా తప్పు.

లెక్కలమాస్టారు: రెండూ సరైనవే. టికెట్ టైమ్ విమానం కదిలినప్పటి నుంచి, అవతల వెళ్లి ఆగేదాకా. విమానం రన్‌వే దాకా నేల మీద మెల్లగా పోవాలి, గాల్లోకి లేవాలి, దిగాలి. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంటుంది. తూర్పు గాలి వీస్తుంటే, గన్నవరం నుంచి వచ్చిన విమానం ఊరు దాటి పడమటికి వెళ్లి, తిరిగొచ్చి దిగాలి.

హైవే65: కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అది కలపరేం? పటమట నుంచి గన్నవరం, శంషాబాద్ నుంచి మియాపూర్ దాదాపు 40 కిలోమీటర్లు. అన్నీ కలిపితే ఐదు గంటలు. కారైతే గుమ్మం దగ్గర ఎక్కి గుమ్మం దగ్గర దిగుతారు.

కోదాడకుర్రాడు: పండగ రోజుల్లో పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుంటే గుమ్మం మాట మర్చిపోవాలి.

లెక్కలమాస్టారు: నేను చెప్పింది గాల్లో దూరం గురించి. అడిగిందీ అదే.

హైవే65: దూరం, దూరం అంటారు! నాన్న ఐసీయూలో ఉన్నారని ఫోనొస్తే, గంటే కదా అని నేనూ విమానమే ఎక్కాను. జనవరి పొగమంచు. హైదరాబాద్‌లోనే నాలుగు గంటలు కూర్చోబెట్టారు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. అర్ధరాత్రే కారు తీసుంటే ఆయన చూపు నాకు దక్కేది.

లెక్కలమాస్టారు: చాలా బాధగా ఉంది బాబూ. కానీ అదే మంచులో మీరు కారు నడిపి ఉంటే? నా తోడల్లుణ్ణి మేం పోగొట్టుకున్నది ఆ రోడ్డు మీదే. అందుకే పట్టుబడుతున్నాను.

చిన్నక్క: ఇద్దరూ ఆగండి. పటమటవాసి గారూ, అమ్మతో ఎవరు వస్తున్నారు?

పటమటవాసి: ఎవరూ లేరండీ. నాకు సెలవు దొరకలేదు. వీల్‌చైర్ బుక్ చేద్దామనుకున్నా.

హైవే65: ఒక్కరినే పంపిస్తారా? ఆమె ఎప్పుడైనా విమానం ఎక్కారా?

లెక్కలమాస్టారు: మా ఆవిడ ఒంటరిగానే తిరుగుతుంది. వీల్‌చైర్ సిబ్బంది లోపలికి, మళ్లీ బయటికి తీసుకొస్తారు. పెద్దవాళ్లను చేతకానివాళ్లుగా చూడకండి.

చిన్నక్క: మీ ఆవిడకు అలవాటు మాస్టారూ. వీళ్లమ్మకు ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి ప్రయాణం. ఏది ఎక్కాలో మనమే తేలుస్తున్నాం. ఆవిడను అడిగారా?

పటమటవాసి: ఇప్పుడే ఫోన్ చేశాను. "నువ్వొస్తే ఏదైనా ఎక్కుతాను రా" అంది. శుక్రవారం రాత్రి బస్సుకు వెళ్తున్నా. ఆదివారం ఇద్దరికీ విమానం. కాలు చాపుకోడానికి అత్యవసర ద్వారం వరుస అడగనా?

లెక్కలమాస్టారు: అది కాళ్లు నొప్పి ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఏటీఆర్‌కు ఎక్కే తలుపు వెనక ఉంటుంది, వెనక వరుసలో నడవ పక్క సీటు తీసుకో. మెట్లెక్కేటప్పుడు నువ్వు ఆమె వెనక ఉండు.

హైవే65: మోకాలికి కట్టే పట్టీ చేతిసంచిలోనే పెట్టుకోండి.