కింది బాల్కనీ నుంచి వచ్చే పొగ గురించి రెండోసారి ఎలా అడగాలి?

కందుకూరివాసి:

నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటున్నాము. మా నాన్నగారికి 76 ఏళ్ళు. చాలాకాలంగా సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం వచ్చే జబ్బు, ఉంది. రోజుకు రెండుసార్లు ఇన్‌హేలర్, చలికాలంలో నెబ్యులైజర్ తప్పవు. నిరుడు అమ్మ పోయిన తరువాత ఆయనను కందుకూరు నుంచి తీసుకువచ్చి, గాలీ వెలుతురూ బాగా వస్తాయన్న ఉద్దేశంతో బాల్కనీని ఆనుకుని ఉన్న గదిని ఆయనకు ఇచ్చాము. ఇప్పుడు ఆ గాలితోనే చిక్కు వచ్చింది. సరిగ్గా మా కింద ఉండే ఆయన ఉదయం ఆరున్నరకు ఒక సిగరెట్, రాత్రి భోజనం తరువాత రెండు, ఇంటి నుంచి పని చేసే రోజుల్లో మధ్య మధ్య ఇంకొన్ని తన బాల్కనీలో నిలబడి కాలుస్తారు. ఆ పొగ తిన్నగా పైకి వచ్చి నాన్నగారి గదిలో చేరుతుంది. తలుపు మూస్తే ఉక్కపోత, తీస్తే దగ్గు.

రెండు వారాల కిందట లిఫ్టు దగ్గర కలిసినప్పుడు నసుగుతూనే విషయం చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఇంట్లో పసిపిల్ల ఉందని గదుల్లో మానేసి బాల్కనీలోకి వచ్చానండీ. నా ఇంటి బాల్కనీలో కూడా వద్దంటే నేనెక్కడికి పోవాలి?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. పైగా ఈ జనవరిలో ఒక రాత్రి నాన్నగారికి ఆయాసం ఎక్కువైనప్పుడు కారు తీసి ఆసుపత్రికి చేర్చింది ఈయనే. అలాంటి మనిషి మీద అసోసియేషన్‌లో ఫిర్యాదు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. నేనూ పదకొండేళ్ళు కాల్చి 2018లో మానేసినవాణ్ణే కనుక, నీతులు చెప్పే అర్హత ఉందని కూడా అనుకోను.

ఆయన ఇంట్లో ఆయన కాల్చుకోవడాన్ని నేను ప్రశ్నించవచ్చా? చట్టం ఏమైనా చెబుతుందా? చెప్పకపోతే రెండోసారి ఏ ముఖం పెట్టుకుని, ఏమని అడగాలి?

బెజవాడ వకీలు:

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అది మీకు పెద్దగా ఉపయోగపడదు.

బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం మీద నిషేధం మన దేశంలో మొదట కోర్టుల దారిలో వచ్చింది. 1999లో కేరళ హైకోర్టు ఆ రాష్ట్రంలో బహిరంగ ధూమపానాన్ని నిషేధిస్తూ, అది శిక్షాస్మృతిలో జనానికి ఇబ్బంది కలిగించే నేరాల కిందికి వస్తుందని చెప్పింది. కాంగ్రెస్ నాయకుడు మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టు భవనాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రయాణ వాహనాలు, ఆడిటోరియాల్లో పొగ తాగకూడదని ఆదేశించింది. జీవించే హక్కును చెప్పే రాజ్యాంగం 21వ అధికరణాన్నే కోర్టు ఆధారంగా తీసుకుంది: పొగ తాగని మనిషి నలుగురిలోకి రావలసి వచ్చిన పాపానికి జబ్బు ఎందుకు తెచ్చుకోవాలన్నది అక్కడి ప్రశ్న. ఆ తరువాత 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం చేశారు, 2008 అక్టోబరు 2 నుంచి దాని కింద కొత్త నియమాలు అమలులోకి వచ్చాయి. బహిరంగ ప్రదేశంలో కాలిస్తే జరిమానా 200 రూపాయల వరకు. చట్టం ఆరుబయలును మినహాయించింది కానీ, బస్టాపులు, రైల్వే స్టేషన్లు, స్టేడియంల వంటివి ఆరుబయట ఉన్నా నిషేధం కిందికే వస్తాయని నియమాలు స్పష్టం చేశాయి.

మీ పొరుగాయన బాల్కనీ బహిరంగ ప్రదేశం అన్న నిర్వచనంలోకి రాదు. అది ఆయన సొంత ఇంటిలో భాగం. పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 280వ సెక్షన్ గాలిని ఆరోగ్యానికి హానికరంగా మార్చడాన్ని నేరంగా చెప్పి వెయ్యి రూపాయల వరకు జరిమానా పెట్టింది నిజమే, కానీ అది చుట్టుపక్కల నివసించే జనం మొత్తానికి కలిగే హాని గురించి. ఒక గదిలోని ఒక పెద్దాయన గురించి కాదు. సివిల్ కోర్టులో ఇబ్బంది నివారణకు దావా వేయవచ్చు. అది తేలేలోగా మీ నాన్నగారి ఇన్‌హేలర్లు ఎన్ని ఖాళీ అవుతాయో నేను చెప్పలేను.

ఒక్క సంగతి మాత్రం ఆలోచించదగినది. 1989 నాటి రైల్వే చట్టం 167వ సెక్షన్ ప్రకారం పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదు. తాగితే వంద రూపాయల వరకు జరిమానా. అంటే నోరు తెరిచి చెప్పవలసిన బరువును ఆ సెక్షన్ ఊపిరాడనివాడి మీదే పెట్టింది. 2003 చట్టం ఈ బరువును తిప్పింది. అభ్యంతరం ఎవరూ చెప్పనక్కరలేదు. బోర్డు పెట్టవలసినది, జవాబు చెప్పవలసినది ఆ స్థలాన్ని నడిపేవాడు. అపార్ట్‌మెంటు బాల్కనీలు ఇంకా ఆ పాత రైలు పెట్టె దగ్గరే ఉన్నాయి కనుక, మీరు నసగకుండా చెప్పక తప్పదు.

టీకొట్టు మిత్రుడు:

నేను 22 ఏళ్ళుగా సిగరెట్ కాలుస్తున్నాను. మంచిదని ఎన్నడూ వాదించలేదు, కానీ ఇటువంటి చర్చల్లో మా వైపు నుంచి ఎవరూ మాట్లాడరు కాబట్టి రాస్తున్నాను.

మీ పొరుగాయన అడిగిన ప్రశ్న డాబుసరి ప్రశ్న కాదు. ఆఫీసులో మేడ మీది గదికి తాళం పడింది, హోటల్లో కుదరదు, ఇంట్లో భార్య ఒప్పుకోదు, టీకొట్టు ముందు నిలబడితే పక్కవాళ్ళు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. ఇవన్నీ న్యాయమే. అయినా ప్రభుత్వం లైసెన్సులిచ్చి, పన్నులు వసూలు చేసి అమ్మించే వస్తువును కొన్నవాడు దానిని ఎక్కడో ఒకచోట కాల్చుకోవాలి కదా. మా వీధి మలుపులో రోజూ ఉదయం చెత్తకుప్పకు నిప్పు పెడతారు, ప్లాస్టిక్‌తో సహా. దాని మీద ఇంతవరకు ఒక్క తీర్మానమూ రాలేదు. ఆరుబయట కాల్చిన ఒక సిగరెట్ గాలిలో కలిసిపోతుంది, దానికి మాత్రం పంచాయితీలు జరుగుతాయి.

ఇక మీకు పనికివచ్చే మాట. మానేయమని చెప్పకండి, ఆ మాట ఆయన తల్లి దగ్గర నుంచి డాక్టరు దాకా అందరూ చెప్పి ఉంటారు. ఆరోగ్యం గురించి చెప్పకండి. సమయం, స్థలం గురించి అడగండి. "రాత్రి తొమ్మిది దాటాక నాన్నగారు పడుకుంటారు, ఆ వేళలో మేడ మీదికి వెళ్ళగలరా" అని అడిగితే నేనైతే వెళతాను. మేడ మీద ఇసుక పోసిన డబ్బా ఒకటి పెట్టించండి. పీకలు ఎక్కడ వేయాలో తెలియక మళ్ళీ బాల్కనీకే చేరేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు.

గుంటూరు ఛాతీ వైద్యురాలు:

పై మిత్రుడి సలహా నాకు నచ్చింది. "గాలిలో కలిసిపోతుంది" అన్న మాటను మాత్రం అలా వదిలేయలేను.

పక్కవాళ్ళకు చేరే పొగలో ఎక్కువ భాగం కాల్చేవాడు పీల్చి వదిలినది కాదు, వేళ్ళ మధ్య సిగరెట్ కొస నుంచి దానంతట అది లేచేది. దమ్ము లాగనప్పుడు కొస తక్కువ వేడితో అరకొరగా మండుతుంది. ఫిల్టరు గుండా కూడా రాదు. అందువల్ల చాలా విషపదార్థాలు ఆ పొగలోనే ఎక్కువగా ఉంటాయి. జపాన్‌లో హిరయామా అనే పరిశోధకుడు పొగ తాగని సుమారు 91 వేల మంది భార్యలను ఏళ్ళ తరబడి గమనించి, బాగా కాల్చే భర్తలున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎక్కువని 1981లో ప్రకటించాడు. పొగాకు కంపెనీలు దానిని ఎంతగా ఎదిరించినా తరువాతి పరిశోధనలు ఆ మాటనే బలపరిచాయి. పక్కవాళ్ళ పొగలో హాని లేని మోతాదు అంటూ లేదని 2006లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రధానాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది.

ఆరుబయట పొగ తొందరగా పలచబడుతుందన్నది నిజం. మైదానంలో కొన్ని మీటర్లు పక్కకు జరిగితే చాలావరకు తప్పించుకోవచ్చు. కానీ మూడు వైపులా గోడ, పైన కప్పు ఉన్న బాల్కనీని ఆరుబయలు అనలేము. వేడి పొగ గోడను పట్టుకుని పైకి పాకి, తెరిచి ఉన్న మొదటి తలుపులో దూరుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఆ కాస్త పొగ చికాకుతో పోవచ్చు; వాసన హాని కంటే దూరం ప్రయాణిస్తుందని కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. సీఓపీడీ ఉన్నవారి శ్వాసనాళాలు ముందే ఇరుకై ఉంటాయి కాబట్టి వారికి ఆ కొంచెమే ఆయాసాన్ని రేపుతుంది. గాలి శుద్ధి చేసే యంత్రం కొనాలనుకుంటే, అది నుసిని పడుతుంది తప్ప వాయువులను అంతగా ఆపదని తెలుసుకుని కొనండి. దాని కంటే ముందు ఒక వారం పాటు నాన్నగారికి దగ్గు ఎప్పుడెప్పుడు వస్తోందో ఒక కాగితం మీద రాసి పెట్టండి. నాకు కూడా రోగుల మాట కంటే అటువంటి కాగితమే ఎక్కువ చెబుతుంది.

వంశధార:

మాది శ్రీకాకుళం జిల్లా. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చేది. గాలికి ఆరిపోదని, చేతులు పనిలో ఉన్నా చుట్ట నోట్లోనే ఉంటుందని చెప్పేది. చివరికి అంగిలిలో పుండు పడి పోయింది. నేను రాయదలచుకున్నది ఆమె గురించి కాదు, తాతగారి గురించి.

తాతగారు అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చేవారు. వీధి మలుపులో వాళ్ళ అన్నగారు కనిపిస్తే చాలు, చుట్ట అరుగు వెనక్కి వెళ్ళిపోయేది, చెయ్యి గాలిని విసిరేది, తాతగారు లేచి నిలబడేవారు. అరవై దాటిన మనిషి. అన్నగారు వెళ్ళగానే చుట్ట మళ్ళీ వెలిగేది, ఆ పక్కనే మేము ముగ్గురు మనవలం బొగ్గుముక్కలతో ఆడుకుంటూ ఉండేవాళ్ళం. ఒళ్ళో కూర్చోబెట్టుకుని కూడా కాల్చేవారు. మాకు ఆ వాసనంటే తాతగారి వాసన, అంతే.

పొగ తాగేవాళ్ళకు మర్యాద తెలియదని చాలామంది అంటారు. మనవాళ్ళకు బాగా తెలుసునని నేనంటాను. పెద్దవాళ్ళ ఎదుట, పై అధికారి ఎదుట, మామగారి ఎదుట క్షణంలో ఆర్పేయడం వచ్చు. ఆ మర్యాద హోదాకు చెందినది, ఊపిరికి కాదు. అందుకే అది భార్య ముందు, పిల్లల ముందు, అంట్లు తోమే మనిషి ముందు, ఆటో నడిపే మనిషి ముందు పనిచేయలేదు. 2016-17లో జరిగిన వయోజన పొగాకు సర్వేలో దేశం మొత్తం మీద వయోజనుల్లో 38.7 శాతం మంది ఇంట్లోనే పక్కవాళ్ళ పొగ పీలుస్తున్నట్టు తేలింది, నాలుగు గోడల మధ్య ఉండే పనిచోట్లలో అది 30.2 శాతం. చట్టం కాపలా కాసే చోటి కంటే ఎవరూ నోరెత్తని చోటే ఎక్కువ పొగ ఉంది.

మీ పొరుగాయన ఒక మెట్టు ఎక్కారు. పెద్దవాడెవరో చూస్తున్నాడని కాదు, పసిపిల్ల ఊపిరి కోసం గది వదిలి బాల్కనీలోకి వచ్చారు. మా తాతగారు ఆ పని చేయలేదు. కాబట్టి పొగ హాని చేస్తుందని ఆయనకు నచ్చజెప్పవలసిన పని లేదు. తన పిల్ల నుంచి తప్పించిన పొగ ఎవరి దగ్గరికి పోతోందో ఆయన ఒకసారి చూడాలి. లిఫ్టు దగ్గర చెబితే అది కనిపించదు. ఇంటికి పిలవండి.

కందుకూరివాసి:

అందరికీ కృతజ్ఞతలు. వకీలుగారు చెప్పినది చదివాక చట్టం ఊసు ఎత్తకూడదని నిశ్చయించుకున్నాను. డాక్టరుగారు చెప్పిన కాగితం వారం రోజులు రాశాను.

మొదటి ప్రశ్నలో నేను రాయని సంగతి ఒకటి ఉంది. నాన్నగారు కూడా చుట్ట తాగేవారు, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయాసం మొదలయ్యే దాకా, వసారాలో, మా చదువుల పక్కనే. మా మేనమామ వస్తే దాచేవారు. వంశధారగారి జవాబును ఆయనకు చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "మీ అమ్మ వాకిట్లోకి పోయి కూర్చునేది, ఉక్కగా ఉందనేది" అన్నారు. ఆ పొరుగాయనను మందలించవద్దని, కాఫీకి పిలవమని ఆయనే చెప్పారు.

ఆదివారం సాయంత్రం వచ్చారు. నాన్నగారి గదిలోనే కూర్చోబెట్టాను. కాగితం చూపించాను కానీ ఆయన దానిని సరిగా చదివినట్టు లేదు. మంచం పక్కనున్న నెబ్యులైజర్ వైపే చూస్తూ ఉండిపోయారు. అడగక ముందే, రాత్రి వాటికి మేడ మీదికి వెళతానన్నారు. ఉదయం పిల్ల లేచే వేళ కాబట్టి పైకి వెళ్ళడం కుదరదని, వంటింటి వైపు యుటిలిటీలో కాలుస్తానన్నారు. పగటివి మాత్రం తేలలేదు. మీటింగుల మధ్య దొరికే ఐదు నిమిషాల్లో మూడంతస్తులు ఎక్కి దిగలేనని చెప్పారు, అది కూడా నిజమే. ఆ రోజుల్లో మధ్యాహ్నం నాన్నగారిని హాల్లోకి మారుస్తున్నాము. ఇసుక డబ్బా నేనే కొని మేడ మీద పెట్టాను. రెండో రోజుకే అందులో మూడు రకాల పీకలు కనిపించాయి, అంటే ఇంకెవరో కూడా వెళుతున్నారు.

నిన్న రాత్రి పదిన్నరకు లిఫ్టు పనిచేయడం లేదు. ఆయన చెప్పుల చప్పుడు మా గుమ్మం ముందు నుంచి పైకి వెళ్ళడం విన్నాను. నాన్నగారు బాల్కనీ తలుపు సగం తీసి పడుకుని ఉన్నారు.