హైడ్రోజన్ లైన్ హెచ్-ఆల్ఫా కంటే నైట్రోజన్ లైనే ఎత్తుగా ఉంది, ఇది బ్లాక్ హోలేనా?

చుక్కలపిచ్చి:
ఎమ్మెస్సీ ఫిజిక్స్ సెకండియర్. ప్రాజెక్టు కోసం స్లోన్ అనే ఆకాశ సర్వే డేటాలోంచి ఒక ఎలిప్టికల్ గెలాక్సీ నడిబొడ్డు స్పెక్ట్రం (వెలుగును రంగులుగా విడదీసిన గ్రాఫు) దించుకున్నాను, రెడ్‌షిఫ్ట్ 0.01, అంటే దూరం వల్ల లైన్లన్నీ ఒక శాతం ఎర్రవైపు జరిగాయి. 6630 ఆంగ్‌స్ట్రామ్‌ల (తరంగదైర్ఘ్యపు కొలత) దగ్గర హెచ్-ఆల్ఫా చిన్న బొడిపెలా ఉంది, పక్కనే 6651 దగ్గర నైట్రోజన్ లైన్ దానికి మూడింతలు ఉంది. హైడ్రోజన్‌దే ఇంకో లైన్ హెచ్-బీటా అసలు లేదు, ఆ చోట గుంట పడింది. నైట్రోజన్ ఎక్కువుంటే మధ్యలో బ్లాక్ హోల్ మేస్తున్నట్టే అని ఎక్కడో చదివాను. సోమవారం సెమినార్, టెన్షన్‌గా ఉంది, స్లైడ్ మీద అలాగే రాసెయ్యొచ్చా?

రాత్రిడ్యూటీ:
తొందరపడకండి, ఆ గుంటలోనే ఉంది కిటుకంతా. వెలుగు పట్టే స్లోన్ ఫైబర్ ఆకాశంలో 3 ఆర్క్‌సెకండ్ల వెడల్పు, అంత దూరంలో అది దాదాపు 2,000 కాంతి సంవత్సరాలు. అంటే మీకు వచ్చిన వెలుగులో చాలా మటుకు మామూలు నక్షత్రాలదే. వాటి వాతావరణంలోని హైడ్రోజన్ సరిగ్గా ఆ లైన్ల దగ్గరే వెలుగు మింగేస్తుంది కాబట్టి, గ్యాస్ ఇచ్చే హెచ్-ఆల్ఫా ముందు ఆ గుంట పూడ్చుకుని తర్వాత పైకి రావాలి. నైట్రోజన్‌కి ఆ బాధ లేదు. పీపీఎక్స్‌ఎఫ్ లాంటి ప్రోగ్రామ్‌తో నక్షత్రాల వెలుగు ఫిట్ చేసి తీసేశాకే కొలవండి. ఇంకోటి, హెచ్-ఆల్ఫాకి ఎడమన 6615 దగ్గర మరో నైట్రోజన్ లైన్ ఉంటుంది, అది కుడిదానిలో మూడో వంతే రావాలి. నాకు మొదటిసారి సగం వచ్చింది, తప్పెక్కడో వెతకడానికే రెండ్రోజులు పోయాయి.

పాతగీత:
అదంతా చేశాక కూడా నైట్రోజనే ఎక్కువ రావచ్చు. 1980లో ఖగోళ శాస్త్రవేత్త హెక్‌మన్ 'లైనర్' అని పేరుపెట్టిన గెలాక్సీ నడిబొడ్డుల రకం ఇది. పాలోమార్‌లో 5 మీటర్ల హేల్ టెలిస్కోపుతో హో, ఫిలిపెంకో, సార్జెంట్ 486 దగ్గరి గెలాక్సీల నడిబొడ్డులు చూస్తే 40 శాతానికి పైగా వాటిలో బ్లాక్ హోల్ మేస్తున్నట్టు అనిపించే ఇలాంటి అలికిడి దొరికింది, అందులో లైనర్లే ఎక్కువ. చిక్కేంటంటే, పై పొరలు ఊడిపోయి వేడి గర్భం బయటపడ్డ ముసలి నక్షత్రాల అల్ట్రావయొలెట్ వెలుగు కూడా అచ్చం ఇవే నిష్పత్తులు ఇస్తుంది. హెచ్-ఆల్ఫా ఈక్వివలెంట్ విడ్త్ (చుట్టూ ఉన్న వెలుగుతో పోలిస్తే లైన్ ఎంత బలంగా ఉందో చెప్పే కొలత) 3 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపుంటే నేనైతే బ్లాక్ హోల్ పేరెత్తను. లైన్ కింద వెడల్పాటి దిబ్బ, అంటే సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే గ్యాస్, కనిపిస్తే వేరే సంగతి. ఎం81 అనే గెలాక్సీలో ఉంటుంది చూడండి, అది ముసలి నక్షత్రాల వల్ల అయ్యే పని కాదు.

చుక్కలపిచ్చి:
రాత్రంతా కూర్చుని తీసేశాను. మూడింతలు కాస్తా 1.3 అయింది! హెచ్-బీటా కూడా గోరంత తేలింది. ఎడమ లైన్ మూడో వంతే వచ్చింది, ఈక్వివలెంట్ విడ్త్ మాత్రం 1.4, దిబ్బా లేదు గిబ్బా లేదు. హెడ్డింగ్‌లో 'బ్లాక్ హోల్' కొట్టేసి 'లైనర్' అని పెట్టాను. మా గైడ్ గారు చూసి పక్కన ప్రశ్నార్థకం పెట్టమన్నారు.