మీరు మొట్టమొదట ఆడిన షూటింగ్ ఆట ఏది?

ప్రశ్న: ఆటగాడి కళ్లతోనే లోకాన్ని చూస్తూ, ఎదుట తుపాకీ మాత్రమే కనిపించే ఆటను మీరు తొలిసారి ఎక్కడ ఆడారు? నేను ఆడినది 2000లో విడుదలైన ప్రాజెక్ట్ ఐజీఐ. వేసవి సెలవుల్లో విజయవాడలోని మా పిన్నిగారింట్లో ఆడాను. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలే లేనందువల్ల, అరగంట సేపు పొంచి పొంచి నడిచి, చివరి గేటు దగ్గర ఒక్క కాపలాదారు చేతిలో చచ్చినా, మళ్లీ మొదటి కంచె నుంచే బయలుదేరవలసి వచ్చేది.

జవాబు 1: ఆ బాధ నాకూ తెలుసునండి. అలారం మోగిందంటే నా పని అయిపోయినట్టే. అందుకే ముందుగా ఉపగ్రహ పటంలో కాపలాదారుల కదలికలను గమనించి, ఆ తరువాతే కాలు కదిపేవాణ్ణి.

జవాబు 2: నేను మీకంటే పాతకాలపు వాణ్ణి. 1993 నాటి డూమ్ తొలి భాగాన్ని షేర్‌వేర్‌గా ఉచితంగా పంచుకోనిచ్చేవారు కనుక, అది మా అన్నయ్య స్నేహితుడి ఫ్లాపీల్లో మా ఇంటికి చేరింది. అందులో తల పైకెత్తి చూడడం కుదరదు; శత్రువు ఎత్తున ఉన్నా, అతని వైపు సూటిగా తిరిగి కాలిస్తే గుండు తగిలేది. అది మోసమని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

జవాబు 3: నాది నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్. అడుగుల చప్పుడు వినాలని హెడ్‌ఫోన్లు పెట్టుకునేవాళ్లం కానీ, పక్క కుర్చీలోని మిత్రుడి అరుపులే ఎక్కువగా వినిపించేవి.