టైల్స్ కింద దొరికిన పాత నేలను చెడకుండా బయటికి తీయడం ఎలా?

ప్రశ్న (చిక్కడపల్లి నుంచి):
మా తాతగారు కట్టించిన ఇంట్లో నీళ్ల పైపు మార్చడానికి హాల్లో ఒక విట్రిఫైడ్ టైల్ ఊడదీయగా, దాని కింద ఎరుపు, నలుపు, మీగడ రంగుల్లో నక్షత్రాలున్న పాత టైల్స్ కనిపించాయి. మా మేనత్తగారు చూడగానే, చిన్నప్పుడు ఆ నక్షత్రాల మీదే తొక్కుడుబిళ్ల ఆడానంటూ అక్కడే కూర్చుండిపోయారు. వెనుక వంటగదిలో సిమెంటు పెచ్చులూడిన చోట ఇటుకల నేల బయటపడింది. యాసిడ్ పోసి మిషన్‌తో రుద్దితే రెండు రోజుల్లో పని తేలిపోతుందని మేస్త్రీ అంటున్నారు కానీ, నాకు మనసొప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (మారేడ్‌పల్లి నుంచి):
యాసిడ్ మాత్రం పోయనివ్వకండి. ముందుగా విరిగిన ముక్క ఒకటి తీసుకుని దాని అంచు చూడండి. పైన కొద్ది మిల్లీమీటర్ల మందాన రంగు, దాని కింద బూడిదరంగు సిమెంటు ఉంటే, అది బట్టీలో కాల్చినది కాదు, అచ్చులో రంగు పోసి, గట్టిగా నొక్కి, నీటితో తడిపి గట్టిపరిచిన సిమెంటు టైల్. సిమెంటులోని సున్నాన్ని యాసిడ్ తినేస్తుంది కాబట్టి, మురికితోపాటు మీ నక్షత్రాలూ పోతాయి. షాబాదు, తాండూరు బండలూ సున్నపురాళ్లే; మా వసారాలో ఎప్పుడో యాసిడ్‌తో కడిగించిన బండలు నేటికీ గరుకుగా, పాలిపోయి ఉన్నాయి.

తట్టినప్పుడు డొల్లగా మోగే పై విట్రిఫైడ్ టైల్ దగ్గర మొదలుపెట్టి, ఉలిని ఏటవాలుగా, దాదాపు నేలకు ఆనించి పట్టి, చిన్న సుత్తితో పైపొరను లేపించండి. రంగు తొంగిచూడగానే ఉలి పక్కన పెట్టి, మిగిలిన పలుచని పొరను తడుపుతూ చేత్తోనే గీకించాలి. మా ఒక్క గదికే ఇద్దరు మనుషులకు తొమ్మిది రోజులు పట్టింది.

జవాబు (మలక్‌పేట నుంచి):
ఇటుకల సంగతి నేను చెబుతాను. సందుల్లో సిమెంటు నింపించకండి. సున్నంలో ఇటుకపొడి కలిపిన సుర్ఖీయే వాడించండి. నేలలోని చెమ్మ మెత్తని సున్నపు సందుల గుండా పైకి వచ్చి ఆరిపోతుంది. సిమెంటుతో ఆ దారి మూసేస్తే చెమ్మ ఇటుకలోకి ఎక్కి, దానితో వచ్చిన ఉప్పు లోపల గడ్డకట్టి, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. పైన తెల్లగా చౌడు పూస్తే నీళ్లతో కడగకుండా పొడి కుంచెతో ఊడ్వండి, ఎందుకంటే నీటిలో కరిగిన ఉప్పు మళ్లీ ఇటుకలోకే ఇంకుతుంది. వానాకాలం ముందే పని ముగించి, సున్నం బీటలివ్వకుండా కొన్నాళ్లు తడి గోనెపట్టాలు కప్పి ఉంచండి. మెరుపు కోసం ప్లాస్టిక్ లాంటి పూతలు వేస్తే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ముక్క అంచు చూశాను, రంగు కింద బూడిద సిమెంటే ఉంది. మేస్త్రీగారికి చూపిస్తే ఆయనే యాసిడ్ డబ్బా వెనక్కి పంపేశారు. గడప దగ్గర నాలుగు టైల్స్ పూర్తిగా అరిగిపోయాయి. వాటికి ఏం చేయాలి?

జవాబు (మారేడ్‌పల్లి నుంచి):
బీరువా కిందో, మంచం కిందో ఉన్న బాగున్న నాలుగింటిని తీసి గడప దగ్గర వేయించి, కొత్తవాటిని ఆ మరుగు చోట పెట్టించండి. ముంబైలో 1922లో మొదలైన భారత్ ఫ్లోరింగ్స్ వారు ఇప్పటికీ సిమెంటు టైల్స్ చేస్తున్నారు; నమూనా ముక్క పంపి అడగవచ్చు.