సమస్య: దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

నేపథ్యం కూడా ఇస్తున్నాను. నియాన్ దీపాల నగరం, ఎడతెగని వాన, ఫోన్లలో దూరే హ్యాకర్లు, నేరగాళ్ల దగ్గర జీతం తీసుకునే ప్రైవేటు డిటెక్టివులు. సైబర్‌పంక్ కథల్లో కనిపించే ఈ సరుకంతా లాస్ ఏంజెలస్, న్యూయార్క్, ఢిల్లీ కేసు ఫైళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది. అందుకే కల్పనైనా సరే, నిజంగా జరిగిందైనా సరే. ఒక్కటే కోరిక: ఎవరు తిన్నారు, ఎవరిని పట్టారు, ఎలా పట్టారు అన్నది పద్యంలోనే తెలియాలి. కింద వివరణ రాస్తే లెక్కలోకి రాదు.

విశాఖ తమ్ముడి పూరణ

వాన కురియు రేయి వీధి దీపపు నీడ
గుట్టు వెదకి వెదకి కూలి కొఱకు
తిరిగి తిరిగి చివర తెల్లవాఱెడి వేళ
దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

*నిర్వాహకుడు:* తమ్ముడూ, గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో మాత్రం ‘వా’కు ‘వీ’ యతి చెల్లదు. హల్లు కలిసినా అచ్చు కలవలేదు. ‘వాడ దీపపు నీడ’ అంటే సరిపోతుంది. ‘కూలి కొఱకు’ అన్న మాట నాకు బాగా నచ్చింది. ఈ తరహా కథల్లో నాయకుడు ఆశయం కోసం తిరగడు, అద్దె కట్టుకోవడానికి తిరుగుతాడు. ఆ రెండు మాటల్లో అది వచ్చేసింది.

*హనుమకొండ మాస్టారు:* అది సరే, చిక్కు విడిందా? కూలి ఇచ్చిన దొంగ, పట్టుబడ్డ దొంగ ఒకడేనా, ఇద్దరా? రాత్రంతా తిరిగితే తెల్లారేసరికి దొంగ దొరికాడంటే అది కాకతాళీయం. సమస్యలో ఉన్న విరోధం ఉన్నచోటే ఉంది. వాతావరణం ఒక్క పాదంలో చెప్పి, తక్కిన రెండూ పనికి ఇవ్వు బాబూ.

న్యూజెర్సీ సోదరుడి పూరణ

వెంట నంటి తిరిగి వేగు తానే మారి
వార్త వ్రాయు వాని పక్షమయ్యె
జీతమిచ్చు వాని చీకటి బయటేసి
దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

లైంగిక నేరాల ఆరోపణలు వచ్చిన హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ తరఫున బ్లాక్ క్యూబ్ అనే ఇజ్రాయెల్ ప్రైవేటు నిఘా సంస్థ పనిచేసింది కదండీ. విలేకరి రోనన్ ఫారో మీద నిఘాకు పెట్టిన డిటెక్టివుల్లో ఒకరు తరవాత ఆయనకే సమాచారం ఇచ్చారు. ఆ ఘట్టం తీసుకున్నాను.

*నిర్వాహకుడు:* ఘట్టం మంచిది. ‘బయటేసి’ మాటల్లో బాగుంటుంది గానీ ఈ పద్యపు నడకలో అతకలేదు. ‘చీకటిన్ వెలిదీసి’ అనండి, గణమూ యతీ చెడవు. ఇంకొకటి: పక్షం మారాక జీతం తిన్నట్టు కాదు. ‘తినుచు’ అన్నాం గనక తినడం, పట్టడం ఒకేసారి జరగాలి. ‘మారి’ అన్న క్షణంలోనే ఆ పట్టు సడలింది.

లాస్ ఏంజెలస్ అక్కయ్య పూరణ

ఫోను లన్ని వినెడు పోటుమగఁడు తన
కూలి యిచ్చువాని గొంతు కూడ
దాచి టేపునందుఁ దాళమిడియు తానె
దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

*నిర్వాహకుడు:* అక్కా, ఇదీ పూరణంటే! ఆంథొనీ పెలికానో సంగతి కదా. హాలీవుడ్ పెద్దలకు పనిచేసిన డిటెక్టివ్. 2002లో ఒక విలేకరి కారు అద్దం పగిలి ఉంది. దాని మీద రేకు పళ్లెంలో చచ్చిన చేప, నోట్లో గులాబీ, పక్కన ‘ఆపు’ అన్న చీటీ. ఆ చేప వెంట పడిన ఎఫ్‌బీఐ అదే ఏడు నవంబరులో ఆయన ఆఫీసు సోదా చేస్తే గ్రెనేడ్లు, ప్లాస్టిక్ పేలుడు పదార్థం దొరికాయి. వాటి కన్నా పెద్ద పేలుడు కంప్యూటర్లలో ఉంది. పరుల ఫోన్లు వినడమే కాదు, తనకు డబ్బిచ్చే క్లయింట్లతో మాట్లాడిన మాటలూ ఆయన రికార్డు చేసి దాచుకున్నాడు. 2008లో అవే కోర్టులో వినిపించారు. ఆయనకు 15 ఏళ్లు, పని అప్పగించిన లాయరు టెర్రీ క్రిస్టెన్సెన్‌కు 3 ఏళ్లు శిక్ష పడింది. డబ్బు తీసుకుంటూ ఉన్న ఆ మాటల్లోనే డబ్బిచ్చినవాడు దొరికిపోయాడు. ‘తినుచు’ ఇక్కడ అక్షరాలా నిలబడింది.

*హనుమకొండ మాస్టారు:* ‘తాళమిడియు’లో ఆ ‘యు’ చూడండి. తాళం వేసి కూడా అని. సంకేత భాషలోకి మార్చి దాచినా ఆగలేదన్న కథంతా ఆ ఒక్క అక్షరం మోసింది. ఒక్క సవరణ తల్లీ: అవి టేపులు కావు, కంప్యూటర్ ఫైళ్లు. ‘డిస్కునందు’ అంటే గణం చెడదు, నిజమూ చెడదు.

*అక్కయ్య:* మార్చేశాను మాస్టారూ. ధన్యవాదాలు.

ఢిల్లీ మిత్రుడి పూరణ

పొట్టి లింకులందు పొరపాటు గుర్తులు
వరుస నంకెలగుచు బయటఁ బడుచు
గాలమిడినయట్టి గదుల జాడలు దెల్పె
దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

*నిర్వాహకుడు:* ఇది అచ్చమైన సైబర్ పద్యం. 2020 జూన్‌లో టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన బృందం ‘డార్క్ బేసిన్’ అని పేరుపెట్టి బయటపెట్టిన కిరాయి హ్యాకింగ్ సంగతి. దాన్ని ఢిల్లీలోని బెల్‌ట్రాక్స్ అనే కంపెనీతో ముడిపెట్టారు. ఎర మెయిళ్లలో పంపిన పొట్టి లింకులు వరుస క్రమంలో తయారయ్యాయి. ఒకటి దొరికితే ముందుదీ వెనకదీ లెక్కగట్టొచ్చు. అలా దాదాపు 28,000 లింకులు తేలాయి. లింకులు పొట్టి చేసే సైట్లలో ఒకదానికి హోళీ పేరే పెట్టుకున్నారు, పని వేళలు మన గడియారానికి సరిపోయాయి. రెండో పాదం ఇదంతా చూపించింది. కానీ అన్వయం? పట్టింది పరిశోధకులు. వాళ్లు దొంగ సొమ్ము తినలేదు. తిన్నవాడు మీ పద్యంలో లేడు.

*ఢిల్లీ మిత్రుడు:* నిజమే గురువుగారూ. ఇలా మారిస్తే?

పొట్టి లింకులందు పొరపాటు గుర్తులు
వరుస నంకెలగుచు బయటఁ బడఁగ
గాలమిడినవాఁడె కన్ను గానక యుండి
దొంగ సొమ్ము తినుచు దొంగఁ బట్టె

*నిర్వాహకుడు:* ఇప్పుడు అన్వయం కుదిరింది. అభినందనలు.

*హనుమకొండ మాస్టారు:* నాకింకా ఒప్పుదల లేదు. భారత్‌లోని హ్యాకర్లకు ఇలాంటి పనులు అప్పజెప్పిన ఇజ్రాయెల్ డిటెక్టివ్ అవిరామ్ అజారీకి 2023 నవంబరులో న్యూయార్క్ కోర్టు 80 నెలల జైలు వేసింది. అంటే శిక్ష పడింది మధ్యవాడికి. అతని చేతిలో డబ్బు పెట్టినవాడు ఆ బోనులో లేడు. అక్కయ్య పద్యంలో కూలి ఇచ్చినవాడు దొరికాడు, ఇక్కడ కూలి తీసుకున్నవాడే దొరికాడు. ఈ పద్యంలో రెండో ‘దొంగ’ ఎవరో చెప్పాలి మరి.

*ఢిల్లీ మిత్రుడు:* మధ్యవాడినే అనుకుని రాశాను మాస్టారూ. హ్యాకరుకు కూలి ఇచ్చేది అతడే కదా.

*హనుమకొండ మాస్టారు:* అలాగైతే పద్యం నిలుస్తుంది. పైవాడి కోసం ఇంకో పద్యం రాయి.