"నాకేమైందమ్మా?" అని పేషెంటే అడిగితే ఏం చెప్పాలి?

అందరికీ నమస్కారం. క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని, చేరి రెండేళ్లయింది. ఇంజెక్షన్లు, ఛార్టులు వచ్చేశాయి గానీ మాట్లాడటమే ఇంకా రాలేదు.

పోయిన వారం హడావిడిలో "ఏడో నంబర్ బెడ్ తాలూకు ఎవరు?" అని కేకేశాను. ఒక పెద్దావిడ టిఫిన్ డబ్బాతో లేచి, "ఆయనకు పేరుందమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. అప్పట్నుంచి పేరుకు "గారు" చేర్చి పిలుస్తున్నాను. అది తేలికే.

కష్టం వేరే చోట. కొడుకులు వచ్చి "నాన్నకు క్యాన్సరని చెప్పొద్దు సిస్టర్, అల్సర్ అన్నాం" అంటారు. నైట్ డ్యూటీలో అందరూ పడుకున్నాక ఆ నాన్నే నా చెయ్యి పట్టుకుని "నిజం చెప్పమ్మా, నాకేమైంది?" అంటాడు. "ఏం కాదు తాతా, తగ్గిపోతుంది" అనేస్తున్నాను. అబద్ధమని ఆయనకూ తెలుసు.

పేషెంటుకు చెడు వార్త ఎలా చెప్పాలో డాక్టర్లకు నేర్పే, 2000లో ప్రచురించిన స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతి గురించి చదివాను. చెప్పే ముందు పేషెంటుకు ఇప్పటికే ఏం తెలుసో, ఎంతవరకు తెలుసుకోవాలనుందో అడగమంటుంది. బాగుంది. కానీ దానికి విడిగా గది, టైము కావాలి. నాకున్నది రెండు బెడ్ల మధ్య స్టూలు. పైగా జబ్బు పేరు చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు.

అబద్ధమాడకుండా, కొడుకుల మాట తీసేయకుండా ఆ నిమిషంలో ఏమనాలి? "మీకేమనిపిస్తోంది తాతా?" అని అడిగితే దాటేసినట్టుంటుందా? మీరు వాడే మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయండి. ఆస్పత్రిలో మనిషిని పెట్టుకుని కూర్చున్నవాళ్లూ చెప్పండి, ఏ మాట గుచ్చుకుంది, ఏది ఊరటనిచ్చింది?